థ్రాటిల్ తోసినా ఆర్‌పీఎం కదలదంటున్నారు, మరి పవర్ ఎట్లా తెలుస్తుంది?

ప్రశ్న (రేణిగుంట నుంచి):
అన్నా, ఇన్నాళ్లూ సెస్నా 172 అనే చిన్న విమానం మీద నడపడం నేర్చుకున్నా. సెలవుకు ఇంటికొచ్చాను, తిరిగి వెళ్లగానే సెస్నా 182 విమానం ఇస్తారంట. 172లో థ్రాటిల్ తోస్తే ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) పెరిగేది, అంతే. ఇందులో నీలం లివర్ ఇంకొకటి ఉంది. పుస్తకం చదివితే టెన్షన్ ఇంకా ఎక్కువైంది.

జవాబు (చిత్తూరు నుంచి):
తమ్ముడూ, మన వైపు చెరకు గానుగ ఆడించే ఆయిల్ ఇంజన్ చూసే ఉంటావు. గడలు ఎక్కువ పెడితే ఒక్క క్షణం మూలిగి, మళ్లీ పాత వేగం అందుకుంటుంది. అది గవర్నర్ పని. అక్కడ గవర్నర్ డీజిల్‌ని ఎక్కువ తక్కువ చేస్తుంది, 182లో ప్రొపెల్లర్ రెక్కల కోణం మారుస్తుంది. వేగం పెరగబోతే గవర్నర్‌లో తిరిగే బరువులు విచ్చుకుంటాయి, ఇంజన్ ఆయిల్ హబ్‌లోకి (రెక్కలు అమర్చిన మధ్య భాగంలోకి) పోతుంది, రెక్కలు తిరిగి గాలిని ఎక్కువ కోస్తాయి. ఆ భారానికి ఆర్‌పీఎం మళ్లీ దారికొస్తుంది. నీలం లివర్‌తో నువ్వు చెప్పేది "ఇంత ఆర్‌పీఎం ఉంచు" అని మాత్రమే. థ్రాటిల్ బాగా వెనక్కి ఉంటే గవర్నర్ చేతిలో ఏమీ ఉండదు, అప్పుడు 172 లాగే.

పవర్‌కి మ్యానిఫోల్డ్ ప్రెషర్ గేజ్ చూడాలి, ఇంజన్‌లోకి పోయే గాలి ఒత్తిడిని అది పాదరసం అంగుళాల్లో చూపిస్తుంది. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు దాదాపు 30 అంగుళాలు చూపిస్తే పాడైందనుకోకు, అది బయటి గాలి ఒత్తిడి. పవర్ పెంచేటప్పుడు నీలం ముందు, థ్రాటిల్ తర్వాత. తగ్గించేటప్పుడు థ్రాటిల్ ముందు.

ప్రశ్న:
రన్-అప్‌లో (టేకాఫ్ ముందు ఇంజన్ పరీక్షలో) నీలం లివర్ రెండు మూడుసార్లు లాగమంటారు, ఎందుకన్నా?

జవాబు:
హబ్‌లో చల్లటి ఆయిల్ పోయి వెచ్చటిది రావడానికి. గవర్నర్ పని చేస్తోందో లేదో కూడా తెలిసిపోతుంది. లాగగానే ఆర్‌పీఎం తగ్గాలి, మ్యానిఫోల్డ్ కొంచెం పెరగాలి, ఆయిల్ ప్రెషర్ కాస్త దిగి కోలుకోవాలి. ఆర్‌పీఎం మరీ కిందికి పోనీయకుండా లివర్ తోసెయ్.

ఇంకొకరు (తిరుపతి నుంచి):
ఒక మాట కలుపుతా. కార్బురేటర్‌లో ఐస్ పడితే 172లో ఆర్‌పీఎం పడిపోయి తెలిసేది. ఇక్కడ గవర్నర్ దాన్ని కప్పేస్తుంది. మొదటిసారి నాకు మ్యానిఫోల్డ్ 22 నుంచి 20కి దిగింది. థ్రాటిల్ జారిందేమో అనుకుని మళ్లీ తోశాను! ఆర్‌పీఎం మాత్రం గీత మీదే నిలబడి ఉంది. కార్బ్ హీట్ (కార్బురేటర్‌కి వేడి గాలి పంపే నాబ్) లాగాక గానీ సంగతి అర్థం కాలేదు. మీది ఏ మోడల్ బాబూ? 1997 నుంచి వచ్చిన 182లకు ఫ్యూయల్ ఇంజెక్షన్, కార్బురేటరే లేదు కాబట్టి ఆ నాబే ఉండదు.

ప్రశ్న అడిగినవారు:
పాతదే అనుకుంటా సార్. రేపు ఫోన్ చేసి కనుక్కుంటా.