మంచు తుఫాను వస్తోంది, పిట్టలకు ఏం పెట్టాలి? (కాంటన్, మిషిగన్)

అందరికీ నమస్కారం. సెప్టెంబరులో ఇక్కడికి వచ్చాం, ఇదే మా మొదటి చలికాలం. రేపు రాత్రి నుంచి పెద్ద మంచట. మా డెక్ మీదికి వచ్చే పిట్టలకు నిన్న అన్నం పెడితే గడ్డకట్టిపోయింది, ఒక్కటీ ముట్టలేదు. ఈ తుఫానులో అవి బతుకుతాయా?

*

భయపడకు చెల్లీ, చాలావరకు బతుకుతాయి. పన్నెండు చలికాలాలుగా మా పెరట్లో చూస్తున్నాను. అన్నం, బ్రెడ్డు వద్దు. ఈ చలికి వాటికి కొవ్వు కావాలి. ‘బ్లాక్ ఆయిల్ సన్‌ఫ్లవర్’ అని అడుగు, నల్ల పొద్దుతిరుగుడు గింజలు ఇస్తారు. స్యూట్ అని బిళ్ళల్లా అమ్మేది గొడ్డు కొవ్వు. ఇంట్లోకి తేవడం ఇష్టం లేకపోతే ఉప్పు లేని వేయించిన పల్లీలు పలుకులు చేసి వెయ్యి, వడ్రంగి పిట్టలు వాటికీ వస్తాయి. మంచు మొదలయ్యేలోపే ఫీడర్ (గింజలు పోసి వేలాడదీసే డబ్బా) నింపెయ్. కిటికీకి 3 అడుగుల లోపు గానీ, 30 అడుగుల అవతల గానీ కట్టు. మధ్యలో కడితే అద్దానికి గట్టిగా గుద్దుకుంటాయి.

నల్లటోపీ పెట్టినట్టుండే బుల్లిపిట్ట చికెడీ. ఒక్క గింజ పట్టుకుని కొమ్మ మీదికి పోయి, కాళ్ళ మధ్య నొక్కిపెట్టి, టకటకా పొడిచి పప్పు తీసుకుంటుంది. తూకం 10, 12 గ్రాములు! రాత్రి ఒంటి వేడిని పగటికంటే ఓ 10 డిగ్రీల సెల్సియస్ దాకా తగ్గించుకుని, పగలు తిన్న కొవ్వుతో తెల్లారేదాకా నెట్టుకొస్తుంది. అందుకే పొద్దున్నే, నువ్వు కాఫీ పెట్టుకోకముందే, గింజల మీది మంచు దులుపు. దాని అరుపు చివర ‘డీ డీ’లు ఎక్కువైతే దగ్గర్లో ముప్పున్నట్టే. మా కంచె మీద డేగ వాలినప్పుడల్లా అదే వరస.

ఎర్ర కార్డినల్ వెలుగు సరిగ్గా రాకముందే వస్తుంది, మళ్ళీ మునిమాపున. పక్కనే గోధుమరంగులో, నారింజ ముక్కుతో ఉండేది ఆడది. తెల్లటి మంచులో ఆ జంటను చూస్తే ఇంటి మీద బెంగ కాసేపు మర్చిపోతావు.

*

అక్క చెప్పినవాటికి తోడు నీళ్ళు కూడా పెట్టండి, అన్నీ గడ్డకట్టినప్పుడు వాటికి నీళ్ళు దొరకడం కష్టం. కోనసీమలో మా నాన్నగారు పిచ్చుకల కోసం చూరుకు వరికుచ్చులు కట్టేవారు. ఇక్కడికి వచ్చినప్పుడు కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కదిలేవారు కాదు. ఫిబ్రవరిలో 4 రోజులు ‘గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్’ అని పిట్టల లెక్కింపు ఉంటుంది, 1998 నుంచి జరుగుతోంది. కనీసం 15 నిమిషాలు చూసి లెక్క పంపాలి. మా ఇంటి నుంచి మొదటిసారి లెక్క పంపింది నాన్నగారే.

*

అక్కా, గింజలు తెచ్చి కట్టాం. గంటలోనే నల్లటోపీది వచ్చి ఒకటి ఎత్తుకెళ్ళింది. ఎర్రది ఇంకా రాలేదు. రేపు పొద్దున్నే లేచి చూస్తాను.