ఇంటికి పంపేరోజు ఇస్నోఫిల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు) చూస్తే ఆయాసం మళ్లీ వస్తుందో లేదో తెలుస్తుందా?

గుణుపురం ల్యాబ్ టెక్నీషియన్:
ఉబ్బసం ఆయాసంతో ఆసుపత్రిలో చేరి, కుదుటపడి ఇంటికెళ్లినవాళ్లు నెల తిరక్కుండా మళ్లీ చేరడం ఈ చలికాలం ఎక్కువగా చూస్తున్నాను. పంపేముందు ఒక్క సీబీపీ (రక్తకణాల లెక్క చూసే పరీక్ష) చేసి ఇస్నోఫిల్స్ లెక్క చూస్తే ఎవరికి ముప్పుందో ముందే పట్టుకోవచ్చని నా వాదన. రక్తంలో ఇస్నోఫిల్స్ ఎక్కువుండడాన్ని ఉబ్బసంపై డాక్టర్లు ప్రపంచమంతా చూసే జీనా మార్గదర్శకాలు ముప్పు కారణాల్లో చేర్చాయి. మైక్రోలీటరుకు 300 దాటితే చాలామంది డాక్టర్లు జాగ్రత్తపడతారు. ఖర్చూ తక్కువే. ఎందుకు చేయరు?

పర్లాకిమిడి నర్సు:
తమ్ముడూ, పరీక్ష మంచిదే. కానీ నువ్వు చెప్పే రోజు మాత్రం పనికిరాదు. ఆయాసంతో చేరిన మనిషికి మొదటి గంటలోనే ప్రెడ్నిసొలోన్ మాత్రో, హైడ్రోకార్టిసోన్ ఇంజక్షనో పడుతుంది. స్టెరాయిడ్ పడ్డ కొద్ది గంటల్లోనే రక్తంలో ఇస్నోఫిల్స్ పడిపోతాయి, న్యూట్రోఫిల్స్ అనే ఇంకో రకం తెల్లకణాలు పెరుగుతాయి. చేరినప్పుడు 600 ఉన్నవాళ్లకి వెళ్లేరోజు 40 కనిపించొచ్చు. ఆ 40 చూసి ధైర్యం చెప్పి పంపితే ఎంత ప్రమాదం!

మన వైపు ఇంకో చిక్కుంది. మా దగ్గరకొచ్చేసరికే ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు చేత సూది వేయించుకుని వస్తారు. అందులో ఏముందో చీటీ ఉండదు. అందుకే నేనైతే పాత కాగితాలు అడుగుతాను. ఆరు నెలల కిందట జ్వరానికో, కాన్పుకో చేయించిన సీబీపీ ఉంటే, స్టెరాయిడ్ లేని రోజుల లెక్క అందులో దొరుకుతుంది. ఆ పాత చీటీలో 500 ఉంటే నేటి 40ని నమ్మను.

రాయగడ మాస్టారు:
నర్సమ్మగారు చెప్పింది తక్కువ చూపే దోషం. ఎక్కువ చూపేదీ ఉంది. కొండ ఊళ్లలో చెప్పుల్లేకుండా తిరిగేవాళ్లకి కొంకి పురుగులుంటే ఉబ్బసం లేకపోయినా ఇస్నోఫిల్స్ పెరుగుతాయి. ఫైలేరియా వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బులో లెక్క 3,000 కూడా దాటుతుంది. రాత్రుళ్లు దగ్గు, పిల్లికూతలు, అచ్చం ఉబ్బసంలాగే ఉంటుంది. దానికి వాడేది మూడు వారాల డీఈసీ అనే ఫైలేరియా మాత్రలు. అలర్జీకి చేసే ఐజీఈ రక్తపరీక్షా అంతే, పురుగులకీ పెరుగుతుంది.

గుణుపురం ల్యాబ్ టెక్నీషియన్:
అలాగైతే చేరగానే, స్టెరాయిడ్ పడకముందే రక్తం తీయండి. సూది పెట్టేటప్పుడే గొట్టంలో రెండు మిల్లీలీటర్లు పట్టడానికి నిమిషం చాలు. లెక్క ఎక్కువొస్తే మలపరీక్ష చేయొచ్చు. దోషాలున్నాయని అసలు పరీక్షే వద్దంటే ఎలా?

కాశీనగర్ కోడలు:
మా అత్తయ్యకి రిపోర్టులన్నీ నార్మలే అన్నారు. మూడు వారాలకే మళ్లీ ఆక్సిజన్ పెట్టాల్సొచ్చింది. ఇంటికొచ్చాక రోజూ పీల్చమన్న స్టెరాయిడ్ పంపు ఆపేసి, ఆయాసం వచ్చినప్పుడల్లా నీలం పంపు కొట్టుకునేది. కట్టెల పొయ్యి దగ్గరే కూర్చునేది. ఇది ఏ రక్తపరీక్షలో తెలుస్తుందక్కా?

పర్లాకిమిడి నర్సు:
తెలియదమ్మా. నీలం పంపు, అదే సాల్బుటమాల్, ఊపిరి గొట్టాలను కాసేపు తెరుస్తుంది, లోపలి వాపును తగ్గించదు. 200 మోతాదుల డబ్బాలు ఏడాదికి మూడు, అంతకన్నా ఎక్కువ వాడేవాళ్లకి దాడుల ముప్పు ఎక్కువ. గడిచిన ఏడాదిలో ఒక్కసారి గట్టిగా ఆయాసం వచ్చిందంటే చాలు, లెక్క ఎంతున్నా వాళ్లని ముప్పున్నవాళ్లుగానే చూడాలి. ఇంటికెళ్లిన వారంలోపు మళ్లీ చూపించాలి, పంపు ఎలా పీలుస్తున్నారో మన కళ్లెదుట చేయించాలి. ఇస్నోఫిల్స్ తక్కువున్నాయని రోజువారీ పంపు ఆపమనకూడదు.

తమ్ముడూ, స్టెరాయిడ్ పడకముందు తీసే రక్తానికి నేనూ ఒప్పుకుంటాను. కానీ రిపోర్టు మీద 'స్టెరాయిడ్ పడిందా, ఎప్పుడు' అని మీ ల్యాబ్‌లో రాస్తారా?

గుణుపురం ల్యాబ్ టెక్నీషియన్:
మా ఫారంలో ఆ గడి లేదు. రక్తం తెచ్చిన సిస్టర్‌ని అడిగి చేత్తో రాయొచ్చు, రేపు మా ఇన్‌ఛార్జి గారిని అడుగుతాను. ఎక్కువొచ్చినవాళ్లకి వారంలోపు ఫోన్ చేసి పిలవాలని మాత్రం ఇప్పటికీ అంటాను.

పర్లాకిమిడి నర్సు:
తక్కువొచ్చినవాళ్లకీ చేయాలి.