సమస్య: గోవు చెవిని గీయఁ గోడ వినెను

నిర్వాహకులు: ఈసారి ఆటవెలది చివరి పాదం ఇస్తున్నాం. విషయం ప్రాచీన ఈజిప్టు భాషలో 'విను' అనే అర్థమున్న సెజెమ్ ధాతువు. దాన్ని గోవు చెవి బొమ్మతో రాస్తారు. ఆ భాష వ్యాకరణాల్లో క్రియారూపాలు చూపడానికి ఎక్కువగా వాడేది ఈ ధాతువే. ఆ లిపిలో అచ్చులు రాయరు; 'ఎ'కారాలు మనం పలకడానికి పెట్టుకున్నవి.

పూరణ 1
మెంఫిసందు భక్తి మెఱయంగఁ జనులెల్ల
శిలల పైనఁ జెవులు చెక్కినారు
దేవుఁ డచటె మొక్కు తీరుగా విను నంచు
గోవు చెవిని గీయఁ గోడ వినెను

నిర్వాహకులు: ధార బాగుందమ్మా, శి–చె యతి హాయిగా పడింది. ప్రాచీన ఈజిప్టు నగరం మెంఫిస్‌లో ప్తాహ్ దేవుణ్ణి 'మొరలు వినేవాడు' అని కొలిచేవారు, చెవులు చెక్కిన రాతిపలకలు అక్కడ దొరికాయి కూడా. అయితే వాటి మీదవి మనిషి చెవులు. మూడు పాదాలు ఒక చెవివి, నాలుగోది వేరే చెవిది. అందుకే సమస్య విడలేదు.

పూరణ 2
అలనుఁ జేర్ప భూత మహినిఁ జేర్చిన వాఁడు
వినె నతండ టంచు విశద మయ్యె
గుడ్లగూబ చేరి గుడిగోడపై నిండ
గోవు చెవిని గీయఁ గోడ వినెను

ఒక సభ్యురాలు: ఇది నాకు చాలా నచ్చింది. సెజెమ్-ఎఫ్ అంటే 'అతను వింటాడు'. మధ్యలో నీటి అల, అంటే 'న్' పెడితే సెజెమ్-ఎన్-ఎఫ్, 'అతను విన్నాడు'. కొమ్ముల పాము 'ఫ్', అదే 'అతను'. గుడ్లగూబ 'మ్'. కానీ మాస్టారూ, గోడ మీద వరుస చెవి, గుడ్లగూబ, అల, పాము. మీ పద్యంలో గూబ ఆఖరికి వచ్చింది.

పూరణ 2, సవరించినది
గుడ్లగూబ వెనుక గుఱుతుగా నల, పాము
వినె నతండ టంచు విశదపఱుప
శిల్పి యులినిఁ బట్టి చెంత నిల్చి తొలుత
గోవు చెవిని గీయఁ గోడ వినెను

నిర్వాహకులు: ఇప్పుడు కుదిరింది. 'తొలుత' అన్న మాటే పద్యాన్ని నిలబెట్టింది.

పూరణ 3
పిలుపు వినెడి వాఁడు పేరాయె శిల్పికి
రాజు గోరిలోన రంగు లద్ద
అట్టి బిరుదు చెక్క నచ్చోట ముందుగ
గోవు చెవిని గీయఁ గోడ వినెను

నిర్వాహకులు: ఈజిప్టులో దేర్ ఎల్-మదీనా అనే ఊరి పనివాళ్ళ బిరుదు ఇది. రాజుల లోయలో సమాధులు తొలిచి బొమ్మలు వేసింది వాళ్ళే. 'వినెడి' అనడం ఈజిప్టు భాష వ్యాకరణానికీ సరిపోయింది: పుంలింగ ఏకవచనంలో ఆ విశేషణరూపానికి ప్రత్యయం రాయరు, ధాతువు ఉన్నదున్నట్టే ఉంటుంది. ఈ వారం నా ఓటు దీనికే.

సభ్యురాలు: రెండో పూరణలో 'ఆమె విన్నది' అనాలంటే?

పూరణ 2 కవి: పాము తీసేసి మడతపెట్టిన గుడ్డ గుర్తు, అంటే 'స్' పెట్టాలమ్మా. గణాలు చెడవు:
గుడ్లగూబ వెనుక గుఱుతుగా నల, గుడ్డ
వినియె నామె యంచు విశదపఱుప