స్పోర్ట్స్ జీకే: కప్పులు, పదాలు, వేదికలు మీకు ఎట్ల గుర్తుంటున్నాయి?

నర్సంపేట తమ్ముడు:
అందరికీ నమస్తే. హనుమకొండలో రూమ్ తీసుకుని గ్రూప్స్‌కు, దాంతోపాటు రైల్వే పరీక్షలకు చదువుతున్నాను. పాలిటీ, తెలంగాణ ఉద్యమం మీద పట్టు దొరికింది. స్పోర్ట్స్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అంతా కలగాపులగం అవుతోంది. థామస్ కప్, ఉబర్ కప్, డేవిస్ కప్, రైడర్ కప్... రాత్రి చదివినవి తెల్లారేసరికి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి. బర్డీ, చుక్కర్, లిబెరో లాంటి పదాలైతే ఏ ఆటవో కూడా తట్టడం లేదు. ఇందులో మార్కులు తెచ్చుకున్నవాళ్లు ఎట్ల చదివారో చెప్పండి. పుస్తకం పేరు వద్దు, పద్ధతి కావాలి.

సుబేదారి అక్క:
తమ్ముడూ, కప్పుల లిస్టు ఉన్నది ఉన్నట్టు బట్టీ పట్టకు. ప్రతి కప్పుకూ మూడు ప్రశ్నలు వేసుకో: ఏ ఆట, ఎవరు ఆడతారు, దేశాల మధ్య పోటీయా లేక మన దేశంలో జరిగేదా? బ్యాడ్మింటన్ తీసుకో. థామస్ కప్ మగవాళ్ల జట్లది, ఉబర్ కప్ ఆడవాళ్ల జట్లది, సుదిర్మన్ కప్ ఇద్దరూ కలిసి ఉన్న జట్లది. థామస్ కప్‌ను మనవాళ్లు 2022లో మొదటిసారి గెలిచారు. బ్యాంకాక్‌లో ఇండోనేసియా మీద 3-0. లక్ష్య సేన్ సింగిల్స్ గెలిచాడు, సాత్విక్–చిరాగ్ డబుల్స్ గెలిచారు, కిదాంబి శ్రీకాంత్ రెండో సింగిల్స్ గెలిచాడు. మొత్తం ఐదు మ్యాచ్‌లు ఉండాలి. మూడు గెలవగానే కప్పు చేతికొచ్చింది కాబట్టి మిగతా రెండూ ఆడలేదు. ఆ ఒక్క ఫైనల్ హైలైట్స్ చూస్తే థామస్ కప్ అంటే ఏమిటో మళ్లీ చదవాల్సిన పని ఉండదు.

టెన్నిస్‌లో కూడా ఇదే జంట. డేవిస్ కప్ మగవాళ్లది, 1900లో మొదలైంది. ఆడవాళ్లది ఫెడ్ కప్‌గా ఉండేది, 2020లో బిల్లీ జీన్ కింగ్ కప్ అని పేరు మార్చారు. గోల్ఫ్‌లో యూరప్, అమెరికా మధ్య మగవాళ్లు ఆడేది రైడర్ కప్, ఆడవాళ్లు ఆడేది సోల్‌హైమ్ కప్. ఇట్ల జంటలుగా రాసుకుంటే సగం భారం తగ్గుతుంది.

మన దేశంలో జరిగే వాటికి వేరే పేజీ పెట్టు. ఫుట్‌బాల్‌లోనే మూడున్నాయి: 1888లో సిమ్లాలో మొదలైన డ్యూరాండ్ కప్, రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ, స్కూల్ పిల్లలు ఆడే సుబ్రతో కప్. పరీక్షలో ఈ మూడింటినీ పక్కపక్కనే ఇస్తారు.

కాజీపేట రన్నర్:
అక్క చెప్పింది కరెక్ట్. నేను ట్రాక్ సంగతి చెప్తాను. కానిస్టేబుల్ ఈవెంట్స్ కోసం పొద్దున్నే జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియానికి వెళ్లేవాళ్లు ఇక్కడ చాలామంది ఉంటారు. ఆ ట్రాక్ చరిత్ర ఎంతమందికి తెలుసు? 2021 సెప్టెంబర్‌లో 60వ జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు అక్కడే జరిగాయి. ఆడవాళ్ల 1500 మీటర్లలో హర్మిలన్ బైన్స్ 4 నిమిషాల 5.39 సెకన్లలో పరుగు పూర్తి చేసి జాతీయ రికార్డు బద్దలు కొట్టింది. అంతకుముందు రికార్డు సునీతా రాణిది, 2002 బుసాన్ ఆసియా క్రీడల్లో పెట్టిన 4 నిమిషాల 6.03 సెకన్లు. పందొమ్మిదేళ్ల రికార్డు మన హనుమకొండలో పోయింది.

ఆ స్టేడియంలోనే నిలబడి గీతలు చూడండి. ట్రాక్ ఒక చుట్టు 400 మీటర్లు. అంటే 1500 మీటర్లు మూడు ముప్పావు చుట్లు. అందుకే వాళ్ల స్టార్టింగ్ గీత ఫినిషింగ్ దగ్గర ఉండదు, మొదటి వంపు దాటిన చోట ఉంటుంది. 400 మీటర్ల స్టార్టింగ్‌లో ఒక్కో లేన్ వాళ్లను ఒక్కో చోట మెట్లలాగ ముందుకు నిలబెడతారు. బయటి లేన్ చుట్టుకొలత ఎక్కువ కాబట్టి అట్ల చేస్తారు, దాన్నే స్టాగర్ అంటారు. రిలేలో బ్యాటన్ మార్చుకునే జోన్, మగవాళ్లకు 110 మీటర్ల హర్డిల్స్, ఆడవాళ్లకు 100 మీటర్ల హర్డిల్స్, అన్నీ అక్కడ గుర్తులు వేసి ఉంటాయి. పుస్తకంలో నాలుగు పేజీల విషయం స్టేడియం చుట్టూ నడుస్తూ అయిపోతుంది.

హెప్టాథ్లాన్ కూడా రాసుకోండి. రెండు రోజుల్లో ఏడు ఈవెంట్లు, చివరిది 800 మీటర్లు. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన తెలంగాణ అమ్మాయి నందిని అగసరకు 5712 పాయింట్లతో కాంస్యం వచ్చింది. నాలుగో స్థానంలో ఉన్న స్వప్న బర్మన్‌కు 5708. నాలుగే పాయింట్ల తేడా.

రిటైర్డ్ పీఈటీ:
పిల్లలూ, మన పక్కన ఉన్న ఉదాహరణ మర్చిపోవద్దు. పర్వతగిరి మండలం కల్లెడ నుంచి వెళ్లిన జీవాంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల టీ20 విభాగంలో కాంస్యం తెచ్చింది. టైమ్ 55.82 సెకన్లు. అదే ఏడాది మేలో జపాన్‌లోని కోబేలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు పెట్టి బంగారం గెలిచింది. టీ20 అని చూసి క్రికెట్ అనుకోవద్దు. పారా అథ్లెటిక్స్‌లో టీ అంటే ట్రాక్, ఎఫ్ అంటే ఫీల్డ్. పక్కన ఉండే అంకె ఆ క్రీడాకారుల వైకల్యం ఏ రకమో చెబుతుంది. 20 అంటే మేధోపరమైన వైకల్యం. ఈ ఒక్క ముక్క తెలిస్తే పారాలింపిక్స్ పతకాల జాబితా మొత్తం చదవడం తేలికవుతుంది.

ఇక కబడ్డీ. ఊళ్లో కూత పెట్టి ఆడినవాళ్లే పరీక్షలో పదాలు తప్పు పెడుతున్నారు. రైడ్‌కు 30 సెకన్లు. వరుసగా రెండు రైడ్లు ఖాళీగా వస్తే మూడోది డూ ఆర్ డై, పాయింట్ తేకపోతే రైడర్ అవుట్. ఎదురు జట్టులో ఆరుగురు లేదా ఎక్కువమంది ఉన్నప్పుడే బోనస్ గీత లెక్కలోకి వస్తుంది. కోర్టులో ముగ్గురు లేదా అంతకంటే తక్కువ మంది మిగిలి ఉన్నప్పుడు రైడర్‌ను పట్టేస్తే సూపర్ టాకిల్, ఒక పాయింట్ అదనం. ఒకే రైడ్‌లో మూడు లేదా ఎక్కువ పాయింట్లు తెస్తే సూపర్ రైడ్. ఎదుటి జట్టు మొత్తాన్ని అవుట్ చేస్తే ఆలౌట్, దానికి రెండు పాయింట్లు అదనం. టీవీలో ఒక్క మ్యాచ్ స్కోరుబోర్డు మీద కన్నేసి చూడండి, ప్రతి అంకె ఎందుకు మారిందో మీరే చెప్పగలుగుతారు.

లైబ్రరీ బ్యాచ్:
సార్ చెప్పినవన్నీ బాగున్నాయి. కానీ ఇంత లోతు అవసరమా? వచ్చేది ఒకటీ రెండు ప్రశ్నలు. విజేతల పట్టిక, వేదికలు చూసుకుని వెళ్తే సరిపోతుంది కదా. అదే టైమ్ ఎకానమీకి ఇస్తే లాభం ఎక్కువ.

సుబేదారి అక్క:
పట్టిక కావాలి, కాదనను. కాకపోతే ఇప్పుడు ప్రశ్న సూటిగా రావడం లేదు బ్రదర్. నాలుగు వాక్యాలు ఇచ్చి ఏవి సరైనవి అంటారు, లేదా జతపరచమంటారు. అక్కడ సగం తెలిసినవాళ్లకే టెన్షన్ ఎక్కువ. సంవత్సరాల దగ్గర కూడా జాగ్రత్త. టోక్యో ఒలింపిక్స్ పేరు 2020, జరిగింది 2021లో. హాంగ్‌జౌ ఆసియా క్రీడల పేరు 2022, జరిగింది 2023లో. "ఏ సంవత్సరంలో జరిగాయి" అని అడిగితే ఒక జవాబు, "ఏ ఎడిషన్" అని అడిగితే ఇంకో జవాబు. నా నోట్సులో ఈ రెండింటికీ పక్కన ఎర్ర ఇంకుతో గీత పెట్టుకున్నాను.

హంటర్ రోడ్ చెస్:
చెస్ గురించి ఎవరూ రాయలేదేంటి? వరంగల్‌లో పుట్టిన అర్జున్ ఎరిగైసి మనవాడు. 2024 డిసెంబర్ ఫిడే జాబితాలో 2800 రేటింగ్ దాటాడు, విశ్వనాథన్ ఆనంద్ తర్వాత మన దేశం నుంచి రెండో ఆటగాడు. అదే ఏడాది బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో మన మగవాళ్ల జట్టు, ఆడవాళ్ల జట్టు రెండూ బంగారం గెలిచాయి. మూడో బోర్డు మీద అర్జున్‌కు వ్యక్తిగత బంగారం కూడా వచ్చింది. ఆడవాళ్ల జట్టులో మన తెలుగమ్మాయి ద్రోణవల్లి హారిక ఉంది. గ్రాండ్‌మాస్టర్ కావాలంటే సాధారణంగా మూడు నార్మ్‌లు (టోర్నీల్లో నిర్దేశించిన స్థాయి ప్రదర్శనలు), 2500 రేటింగ్ కావాలి. పదాల్లో గ్యాంబిట్, క్యాస్లింగ్, స్టేల్‌మేట్ చూసుకోండి. రాజుకు చెక్ లేకుండానే వేయడానికి ఎత్తు లేకపోతే స్టేల్‌మేట్, ఆట డ్రా. చెక్ నుంచి తప్పించుకునే దారి లేకపోతే చెక్‌మేట్, ఓటమి. ఈ రెండూ కలిపేసి అడుగుతుంటారు.

నర్సంపేట తమ్ముడు:
అందరికీ చాలా థాంక్స్. దీప్తి గారి టీ20 సంగతి చదివాక పాత ప్రశ్నపత్రంలో ఒక ప్రశ్న ఇప్పుడు అర్థమైంది. మరి గోల్ఫ్, పోలో, వాలీబాల్ పదాలు? ఈ మూడింట్లో వాలీబాల్ ఒక్కటే చూశాను.

సుబేదారి అక్క:
గోల్ఫ్‌లో ఒక్కో గుంతకు ఇన్ని కొట్టుల్లో బంతి వేయాలని ముందే లెక్క ఉంటుంది, అది పార్. ఒకటి తక్కువలో వేస్తే బర్డీ, రెండు తక్కువైతే ఈగిల్, మూడు తక్కువైతే ఆల్బట్రాస్. ఒకటి ఎక్కువైతే బోగీ. పక్షి పేరు వినిపిస్తే మంచి స్కోరని గుర్తుపెట్టుకో, అంతే. పోలోలో ఆటను ఏడు నిమిషాల చుక్కర్లుగా విడగొడతారు, జట్టుకు నలుగురు. లిబెరో వాలీబాల్‌లో వేరే రంగు జెర్సీ వేసుకుని వెనక వరుసలో మాత్రమే ఆడే ఆటగాడు. సర్వీస్ రిసీవ్ చేయడం, బంతిని లేపడం అతని పని, నెట్ దగ్గర బ్లాక్ చేయకూడదు.

కాజీపేట రన్నర్:
ఇంకొకటి. పాత మెటీరియల్ కొనే ముందు రెండు చోట్ల చూడండి. ఖేల్ రత్న పక్కన 2021లో మారిన మేజర్ ధ్యాన్‌చంద్ పేరు ఉందా, ఒలింపిక్ నినాదంలో అదే ఏడాది చేర్చిన "కలిసికట్టుగా" అనే నాలుగో మాట ఉందా? అవి లేకపోతే ఆ పుస్తకంలో స్పోర్ట్స్ అధ్యాయం అప్‌డేట్ కాలేదన్నట్టే. రాబోయే వేదికలు కూడా కొత్తవి రాసుకోండి: 2026 ఆసియా క్రీడలు జపాన్‌లోని ఐచి–నగోయాలో, 2028 ఒలింపిక్స్ లాస్ ఏంజెలెస్‌లో, 2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌లో, 2032 ఒలింపిక్స్ బ్రిస్బేన్‌లో. లాస్ ఏంజెలెస్‌లో క్రికెట్ మళ్లీ వస్తోంది, ఇంతకుముందు ఆడింది 1900 పారిస్‌లో ఒక్కసారే. దాంతోపాటు స్క్వాష్, లాక్రోస్, ఫ్లాగ్ ఫుట్‌బాల్, బేస్‌బాల్–సాఫ్ట్‌బాల్ ఉన్నాయి. ఈ ఐదింటి మీద ప్రశ్న వస్తుందని నా గట్టి నమ్మకం.

రిటైర్డ్ పీఈటీ:
ఆదివారం పొద్దున స్టేడియానికి వచ్చేవాళ్లు ఇక్కడ రాయండి. ట్రాక్ గీతలు, హర్డిల్స్ ఎత్తులు, త్రో సెక్టార్లు చూపిస్తాను. నోట్సు, పెన్ను తెచ్చుకోండి.