ఇంకు కారే పెన్నుకి గ్రీజు పూయడం రిపేరా, కప్పిపుచ్చుకోవడమా?

యలహంక_లేత్:
అందరికీ నమస్కారం. ఆఫీసు అయ్యాక రాత్రిళ్ళు లేత్ మీద ఎబొనైట్ (గట్టి రబ్బరు) పెన్నులు చేస్తుంటాను. లేత్ ఉన్నది కారు పెట్టుకోవాల్సిన చోట, కారు వీధిలో, ఆ గొడవ వేరే. ఇప్పటికి 11 చేశాను. మొదటి ఎనిమిది ఇంకు గొట్టం మార్చుకునే కార్ట్రిడ్జ్‌వి, ఏ పేచీ లేదు. తర్వాతి మూడు డ్రాపర్‌తో నేరుగా బ్యారెల్‌లో ఇంకు పోసేవి, మూడూ కారాయి.

అందులో ఒకటి మా మామయ్య గారికి ఇచ్చాను. ఆయన తెల్ల చొక్కా వేసుకుని బ్యాంకుకి వెళ్ళి జేబు దగ్గర అరచెయ్యంత నీలం మరకతో తిరిగొచ్చారు. ఒక్క మాట అనలేదు, అదే నాకు ఎక్కువ ఇబ్బందిగా ఉంది.

ఎవర్ని అడిగినా ఒకటే మాట, థ్రెడ్‌కి, అంటే మర చుట్లకి, సిలికాన్ గ్రీజు రాసెయ్ అని. రాశాను, రెండు ఆగాయి, మామయ్య గారిది ఆగలేదు. నా ప్రశ్న ఏంటంటే, రేపు డబ్బులిచ్చి కొనుక్కునేవాడికి గ్రీజు రాస్తేనే కారని పెన్ను ఇవ్వడం న్యాయమేనా? థ్రెడ్ తప్పు కోశానని ఒప్పుకుని మళ్ళీ చెయ్యాలి కదా?

పారిస్‌కార్నర్_పాళీ:
తమ్ముడూ, ఇంత మథనపడక్కర్లేదు. కుళాయిలో వాషర్ వేస్తే ప్లంబర్ని మోసగాడంటామా? చెన్నైలో పాతికేళ్ళుగా డ్రాపర్ పెన్నులే వాడుతున్నాను, పారిస్ కార్నర్‌లో జెమ్ అండ్ కో షాపులో కొన్న గామా పెన్నులు కూడా ఉన్నాయి, ఇంకు నింపిన ప్రతిసారీ ఆవగింజంత గ్రీజు రాస్తాను. పళ్ళు తోముకున్నట్టే అనుకో. ఆగనిదానికి ఇంకాస్త రాసి చూడు.

గోదారిగట్టు:
ఇలా సర్దుకుపోవడం అలవాటయ్యే చేతిపని పాడైంది. మా తాతగారికి రాజమండ్రి రత్నం పెన్ను ఉండేది, 1935లో గాంధీ గారు మెచ్చుకుంటూ ఉత్తరం రాశారే, ఆ రత్నం పెన్నులే. అప్పుడు సిలికాన్ గ్రీజు ఎక్కడిది? మర బిగుతుగా ఉండేది, అంతే.

యలహంక గారూ, మీరు థ్రెడ్ ఆత్రంగా కోసుంటారు. ఎబొనైట్ అంటే రబ్బరూ గంధకమూ, వేడెక్కితే బాగా ఉబ్బుతుంది. సెక్షన్‌ని, అంటే వేళ్ళతో పట్టుకునే ముందు భాగాన్ని, వేడి మీద కొలిచి సరిపోయిందనుకుంటారు, చల్లారాక సన్నబడి వదులవుతుంది. గంధకం వాసన ఘాటుగా కొట్టిందంటే లేత్ ఆపి టీ తాగి రావాలి. కారేదాన్ని మళ్ళీ కొయ్యండి, గ్రీజు పారెయ్యండి.

పారిస్‌కార్నర్_పాళీ:
మీ తాతగారు ఆ పెన్ను జేబులో పెట్టుకున్నారా, బల్ల మీద స్టాండులో నిలబెట్టారా? నిలబెట్టిన పెన్ను ఏదీ కారదు సార్.

గోదారిగట్టు:
జేబులోనే. ఆయన బడిపంతులు.

సిరాచుక్క:
ఇద్దరూ కొట్టుకోవడం ఆపండి కాసేపు. ఇంకు ఎక్కడ్నుంచి వస్తోందో ఎవరూ అడగలేదు, అప్పుడే ఒకరు మందు రాసేశారు, ఇంకొకరు ఆపరేషన్ చేసేశారు. వైట్‌ఫీల్డ్‌లో మెషిన్ పార్టులు గీసే ఉద్యోగం నాది, పెన్నులు కూడా చేస్తాను, కాబట్టి కాస్త సాగదీస్తాను, ఓపిక పట్టండి.

సెక్షన్, బ్యారెల్ కలిసే గీత మీద టిష్యూ పేపర్ చుట్టి రబ్బరు బ్యాండు వేసి, పాళీ కిందికి ఉండేలా గ్లాసులో రాత్రంతా వదిలెయ్యండి. టిష్యూ తడిస్తే కారేది కీలు దగ్గర. టిష్యూ పొడిగా ఉండి గ్లాసు అడుగున చుక్క పడితే అది ఫీడ్ (పాళీ కింద ఉండి ఇంకు అందించే ముక్క) దగ్గర గొడవ, దానికి థ్రెడ్‌తో సంబంధం లేదు, మీరు డబ్బాడు గ్రీజు రాసినా ఆగదు.

ఇంకోటి. ఇంకుని ఆపాల్సింది థ్రెడ్ కాదు. థ్రెడ్ బిగించి పట్టుకుంటుంది, అంతే. మూసేది సెక్షన్ భుజమూ (థ్రెడ్ మొదట్లో ఉండే మెట్టు) బ్యారెల్ మూతీ ఆనుకునే ఆ సన్నటి రింగు. గోదారిగట్టు గారు చెప్పిన వేడి విషయం నిజమే, కానీ థ్రెడ్ కొంచెం వదులైనా ఆ రింగు సమంగా ఆనితే పెన్ను కారదు, థ్రెడ్ ఎంత బిగుతుగా ఉన్నా రింగు వంకరైతే కారుతుంది. చూడటం తేలిక: బ్యారెల్ మూతి మీద మెత్తటి పెన్సిల్ గట్టిగా రుద్ది, సెక్షన్ బిగించి విప్పండి. భుజం మీద నల్లటి వలయం పూర్తిగా పడాలి.

యలహంక_లేత్:
అక్కా, మూడింటికీ పెన్సిల్ పరీక్ష చేశాను. రెండింటికి మచ్చ గడియారంలో పన్నెండు నుంచి అయిదు దాకానే పడింది, మిగతా చుట్టంతా శుభ్రం. మామయ్య గారి పెన్నుకి మాత్రం పూర్తి వలయం!! టిష్యూ కూడా పొడి. కానీ గ్లాసులో పొద్దున్నకి ఒక చుక్క. దీనికి నేను వారం రోజులుగా గ్రీజు రాస్తూనే ఉన్నాను.

సిరాచుక్క:
అయితే మీకున్నది ఒక రోగం కాదు, రెండు.

మొదటి రెండింటికీ: మూతి ఫేసింగ్ చేశాక, అంటే చదునుగా కోశాక, బ్యారెల్‌ని చక్‌లోంచి (లేత్‌లో ముక్కని పట్టుకునే దవడ) తీసి, మళ్ళీ బిగించి ట్యాప్‌తో లోపలి థ్రెడ్ వేశారా? అలా చేస్తే థ్రెడ్ ఒక దారి, మూతి ఒక దారి. డ్రిల్లు, ఫేసింగ్, ట్యాపు మూడూ ఒకే బిగింపులో అయిపోవాలి. ఇప్పుడున్నవాటిని పారెయ్యక్కర్లేదు. వెయ్యి నంబరు వాటర్ పేపర్‌ని (సన్న గరుకు కాగితం) రింగులా కత్తిరించి, గరుకు వైపు బ్యారెల్ మూతి వైపు ఉండేలా సెక్షన్ థ్రెడ్‌కి తొడిగి, తేలిగ్గా ఆనేదాకా తిప్పుతూ వదులుతూ ఉండండి. సెక్షన్ భుజం సరిగ్గా ఉంటే ఎత్తుగా ఉన్న వైపే అరుగుతుంది. మధ్యమధ్య పెన్సిల్ రుద్ది చూసుకోండి.

మామయ్య గారిది ఫీడ్ కథ. దీపం ముందు పట్టుకుని పక్కనుంచి చూస్తే పాళీకీ ఫీడ్‌కీ మధ్య వెలుగు కనబడుతుందేమో చూడండి. మీది ఎబొనైట్ ఫీడ్ అయితే, పాళీ, ఫీడ్ రెండూ లాగేసి, ఫీడ్‌ని పొయ్యి మీంచి దించిన వేడినీళ్ళలో అర నిమిషం ఉంచి, పాళీ మీద పెట్టి బొటనవేలితో నొక్కి, అలాగే చన్నీళ్ళలో ముంచండి. ప్లాస్టిక్ ఫీడ్‌కి ఇది అంత బాగా పనిచెయ్యదు. బ్యారెల్‌ని మాత్రం వేడినీళ్ళలో పెట్టకండి, నలుపంతా వెలిసిపోతుంది.

పారిస్‌కార్నర్_పాళీ:
మామయ్య గారు ఇంకు సగం అయ్యాక నింపట్లేదేమో అది కూడా అడుగు తమ్ముడూ. లోపల 2 మి.లీ. గాలి ఉండి, జేబు వేడికి 8 డిగ్రీలు పెరిగిందనుకో, ఆ గాలి 0.05 మి.లీ. దాకా వ్యాకోచిస్తుంది, అంటే దాదాపు ఒక చుక్క. ఆ చుక్క పాళీలోంచి బయటికి రావాల్సిందే. ఏసీ బ్యాంకులోంచి ఎండలోకి వస్తే కక్కక ఏం చేస్తుంది?

కొబ్బరాకు:
గ్రీజు దొరక్కపోతే కొబ్బరి నూనె రాసుకోవచ్చా?

సిరాచుక్క:
వద్దు బాబూ. బెంగళూరు డిసెంబరులో అది గడ్డ కడుతుంది, మేలో కరిగి ఇంకులో కలుస్తుంది.

గోదారిగట్టు:
సరే, భుజం సంగతి నాకు తట్టలేదు, ఒప్పుకుంటాను. అయినా నా మాట నాదే. పొడిగా బిగించి ఒక రాత్రి టిష్యూ పరీక్ష దాటని పెన్నుని అమ్మకూడదు. దాటాక కొన్నవాడు గ్రీజు రాసుకుంటాడో నెయ్యి రాసుకుంటాడో అతనిష్టం.

పారిస్‌కార్నర్_పాళీ:
నేనైతే దాటాక కూడా రాసే ఇస్తాను. ఇంకు నింపిన ప్రతిసారీ విప్పి బిగించాలి కదా, పొడి ఎబొనైట్ మీద పొడి ఎబొనైట్ రాసుకుని రెండేళ్ళలో ఆ రింగే అరిగిపోతుంది. అప్పుడు నీ టిష్యూ పరీక్షని ఏం చేసుకోవాలి?

యలహంక_లేత్:
రెండింటికీ మూతి రుద్దాను, వలయం పూర్తిగా పడుతోంది, గ్రీజు తుడిచేసి మూడు రాత్రులు ఉంచాను, టిష్యూ పొడిగానే ఉంది. మామయ్య గారి ఫీడ్ వేడినీళ్ళలో పెట్టి నొక్కాను, ఇప్పుడు గ్లాసులో చుక్క లేదు, ఆయన జేబు పరీక్ష ఇంకా మిగిలుంది. అమ్మేవాటితో చిన్న డబ్బాలో గ్రీజు ఇచ్చి, ఇది లేకుండానే పరీక్షించాను అని చీటీ పెడదామనుకుంటున్నాను. పెన్ను తిరిగిచ్చేటప్పుడు ముదురు నీలం చొక్కా ఒకటి కొనిస్తే బాగుంటుందా, వెక్కిరించినట్టుంటుందా?

గోదారిగట్టు:
తెల్లదే కొనండి. లేకపోతే మీ పెన్ను మీద మీకే నమ్మకం లేదనుకుంటారు.