సమస్యాపూరణం: పెండ్లికూతురు మీసమున్ బెనచి నవ్వె

నిర్వాహకుడు: ఈ వారం మనం మళ్ళీ చూసి మాట్లాడుకుంటున్న సినిమా ‘మాయాబజార్’ (1957). అందులో భీముడి కొడుకు ఘటోత్కచుడు మాయతో శశిరేఖ రూపం ధరించి, లక్ష్మణకుమారుడి పక్కన పెళ్ళికూతురిగా కూర్చుంటాడు. సమస్య కూడా అందులోంచే పుట్టింది. సమస్య అంటే ముందే ఇచ్చిన వింత పాదం, పూరణ అంటే దానికి అర్థం కుదిరేలా తక్కిన పాదాలు రాయడం.

*పెండ్లికూతురు మీసమున్ బెనచి నవ్వె*

ఇది తేటగీతి. పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. గణం అంటే గురు, లఘు అక్షరాల చిన్న గుంపు; గలం, భ, ర, న, నలం అలాంటి గుంపుల పేర్లు. పెండ్లి (గలం), కూతురు (భ), మీసమున్ (ర), బెనచి (న), నవ్వె (గలం). నాలుగో గణం మొదటి అక్షరం యతిస్థానం, అంటే అది పాదం మొదటి అక్షరంతో ధ్వనిలో కలవాలి, ఇక్కడ పె–బె. ప్రాసనియమం (పాదాలన్నిటా రెండో హల్లు ఒకటే కావాలన్నది) లేదు. మొదటి మూడు పాదాలు మీవి, నాలుగోది కదపకూడదు. పెళ్ళికూతురికి మీసం ఎలా వచ్చిందో, లేదా ఆ మీసం ఎవరిదో మొదటి మూడు పాదాల్లో తేలాలి. తేలకపోతే గణాలెంత శుద్ధంగా ఉన్నా అది పూరణ కాదు.

కరీంనగర్ సభ్యురాలు:

*మాయ శశిరేఖ రూపాన మసలుచుండి*
*యద్దమందు ఘటోత్కచుం డసలు మోము*
*కాంచి తన పెండ్లివేసము గడియ మఱచి*
*పెండ్లికూతురు మీసమున్ బెనచి నవ్వె*

నిర్వాహకుడు: చక్కటి పూరణ అమ్మా. ‘గడియ మఱచి’ దగ్గర వింత విడిపోయింది. వేషం వేసినవాడు వేషాన్ని మరిచిన ఆ క్షణంలోనే మీసం మీదికి చెయ్యి పోతుంది. రెండో పాదంలో యతి ‘అ’కు ‘డ’ ఏమిటని కొత్తవారు అడగవచ్చు. ఘటోత్కచుండు + అసలు అని విడదీయండి. సంధిలో కలిసిన ‘అ’తోనే యతి చెల్లుతుంది. ఒక్క మార్పు చెబుతాను. తక్కిన పద్యమంతా గ్రాంథికంలో నడుస్తుంటే ‘అసలు’ అనే మాట విడిగా నిలబడింది. ‘డసురముఖము’ అంటే రెండూ నగణాలే అవుతాయి, యతి చెడదు, రాక్షసుడన్న సంగతీ స్పష్టమవుతుంది.

తెనాలి సభ్యుడు: సినిమాలో ప్రియదర్శిని పేటిక ఉండగా అద్దం ఎందుకండీ? దాన్నే పెడితే కథకు ఇంకా దగ్గరవుతుంది కదా.

కరీంనగర్ సభ్యురాలు: ప్రియదర్శినిలో చూసేవారి ముఖం కనబడదు అన్నయ్యా, వారికి ప్రియమైనది కనబడుతుంది. ఘటోత్కచుడు తెరిస్తే అందులో అతని మీసం కనబడే అవకాశం లేదు. అందుకే అద్దం. ‘అసురముఖము’ మార్పు తీసుకుంటున్నాను.

నిర్వాహకుడు: సరైన సమాధానం. కథలో లేని వస్తువును తెచ్చుకోవచ్చు. ఉన్న వస్తువు స్వభావం మాత్రం మార్చకూడదు.

డాలస్ సభ్యుడు: పద్యం రాయడం నాకు కొత్త. మొహమాటం లేకుండా దిద్దండి.

*విందు కుడిచి ఘటోత్కచుఁడు వేదిక పైన*
*చూపె తన పాద బలమును శకుని ముందు*
*లక్ష్మణుని కాలు నలిపెను పగలబడుచు*
*పెండ్లికూతురు మీసమున్ బెనచి నవ్వె*

నిర్వాహకుడు: సన్నివేశం ఎంచుకోవడంలో మీకు మంచి దృష్టి ఉంది బాబూ. విందు ముందు, కాలు తొక్కడం తర్వాత. వరుస సరిగ్గా ఉంది. ఇక ఛందస్సు.

మొదటి పాదం: విందు (గలం), కుడిచి ఘ (నలం), టోత్కచుఁ (భ) దాకా బాగుంది. తర్వాత ‘డువే’ లగం. లఘువు తర్వాత గురువుతో సూర్యగణం కుదరదు. ఘటోత్కచుడి పేరు తేటగీతిలో చాలామందిని ఇక్కడే పడేస్తుంది. ‘ఘటోత్కచుం డ–’ అని బిందువు పెట్టి, తర్వాతి మాటను అచ్చుతో మొదలుపెడితే ఇమిడిపోతుంది. పైన కరీంనగర్ వారు చేసింది అదే. లేదా ‘భీమసుతుఁడు’ అనండి.

రెండో పాదం: చూ–శ. హల్లులకు మైత్రి ఉంది, అచ్చులకు లేదు. ఊ పక్కన ఉ, ఊ, ఒ, ఓ రావాలి. ‘శకుని’లో ఉన్నది అకారం. కొత్తగా రాసేవారు హల్లు చూసి ఆగిపోతారు, అచ్చు కూడా చూడాలి. పైగా ‘చూపెన్’ ద్రుతాంతం (చివర ‘న్’ ఉన్న మాట, దాని తర్వాతి క, చ, ట, త, పలు గ, జ, డ, ద, బలవుతాయి), కాబట్టి ‘చూపెఁ దన’ అవుతుంది.

మూడో పాదం: ల–ప. యతి లేదు. ‘పగలబడుచు’, ‘నవ్వె’ రెండూ నవ్వే కనుక మాట కూడా వృథా అయింది.

అన్నిటికంటే పెద్ద లోటు అర్థంలో ఉంది. ఘటోత్కచుడు, పెళ్ళికూతురు ఇద్దరు వేరు మనుషుల్లా వినబడుతున్నారు. ఇద్దరూ ఒకరే అని చెప్పే మాట ఒకటి కావాలి.

తెనాలి సభ్యుడు: ఆయన భావం చెడకుండా ఇలా అయితే?

*భీమసుతుఁ డారగించి యా పెండ్లివిందు*
*చూపెఁ దన పాదబలమును జోద్యముగను*
*మంటపమ్మున వరుఁ ద్రొక్కె మాయలాఁడి*
*పెండ్లికూతురు మీసమున్ బెనచి నవ్వె*

నిర్వాహకుడు: భీ–పె, చూ–జో, మం–మా, మూడూ కుదిరాయి. ‘మాయలాఁడి’ ఒక్కమాటతో ఇద్దరూ ఒకరయ్యారు. దీనికి వీరతాడు వేయాల్సిందే.

విజయనగరం సభ్యురాలు: ఆ పాదం దృశ్యం గురించి ఒక మాట. పెళ్ళిపీటల మీద మాయాశశిరేఖ పాదం ఉన్నచోట ఘటోత్కచుడి పాదం కనిపిస్తుంది. కంప్యూటర్లు లేని కాలంలో ఇలాంటి మార్పుకు కెమెరాను కదలకుండా బిగించి, ఆపి, మనిషిని మార్చి, మళ్ళీ తిప్పేవారు. చెడిపోయేది రెండు చోట్ల. పక్కన ఉన్నవాళ్ళు వేలంత కదిలినా తెరమీద ఎగిరినట్టు కనబడుతుంది. దీపాల వెలుగు కొద్దిగా మారినా అతుకు తెలిసిపోతుంది. అందుకే దగ్గరగా, తక్కువ వస్తువులున్న చట్రం ఎంచుకోవడం తెలివైన పని. 2010లో రంగులద్ది విడుదల చేసిన ప్రతిలో కన్నా, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లీ వెలుగునీడలు లెక్కపెట్టి తీసిన నలుపుతెలుపు ప్రతిలోనే ఇలాంటివి గమనించాలి. ఇక నా పూరణ. మీసం పెళ్ళికూతురిది కాకుండా చేశాను:

*సిగ్గు గల కన్య యని నమ్మి చెంతఁ జేరి*
*లక్ష్మణకుమారుఁ డానంద లహరిఁ దేలి*
*కొంటెచూపునఁ దనవైపు కోరి చూడ*
*పెండ్లికూతురు, మీసమున్ బెనచి నవ్వె*

నిర్వాహకుడు: ఇదీ విరుపంటే! ‘చూడ పెండ్లికూతురు’ దగ్గర వాక్యం తెగింది. మీసం తిప్పినవాడు లక్ష్మణకుమారుడు. సమస్యలో అసంగతమే లేకుండా పోయింది. ఆ వేషం వేసిన రేలంగి మురిసిపోయే తీరు తెలిసినవారికి పద్యం చదువుతుండగానే మనిషి కళ్ళకు కడతాడు. మొదటి పాదంలో సి–చె యతి తప్పు కాదు. చ, ఛ, జ, ఝలకూ శ, ష, సలకూ మైత్రి ఉంది.

తెనాలి సభ్యుడు: ‘చూడ’ ద్రుతాంతం కదా, తర్వాత ‘బెండ్లి’ కావాలేమో?

విజయనగరం సభ్యురాలు: నియమం అదేనండి. సమస్య పాదాన్ని కదపకూడదు కాబట్టి పాదాంత విరామం తీసుకున్నాను. అది ఒప్పనివారికి మూడో పాదం మరో రకంగా: *సొంపు మీఱఁగఁ దనవంకఁ జూచినదియె*. ద్రుతం రాదు. కానీ ‘కొంటెచూపు’ పోతుంది, అది పోవడం నాకిష్టం లేదు.

నిర్వాహకుడు: నాకూ లేదు. మొదటిదే ఉంచండి.

తెనాలి సభ్యుడు: నా పూరణ కథ మీద కాదు, నటన మీద.

*రంగరాయని హుంకార రాజసములు*
*సాధ్వి సావిత్రి నేత్రాల సంతరించి*
*మగువ మేనున మగవాఁడు మసలినట్లు*
*పెండ్లికూతురు మీసమున్ బెనచి నవ్వె*

కరీంనగర్ సభ్యురాలు: అన్నయ్యా, భావం గొప్పది. ‘అహ నా పెళ్ళి’ పాటలో సుశీల గొంతు, ఘంటసాల గొంతు మారిమారి వస్తుంటే, రెంటికీ సరిపడేలా ఒకే ముఖంలో ఇద్దరు మనుషులను చూపించింది శశిరేఖ వేషం వేసిన సావిత్రి. ఘటోత్కచుడి వేషం వేసిన యస్వీ రంగారావు ఠీవిని ఆవిడ అరువు తెచ్చుకుందని మీ పద్యం చెప్పకనే చెప్పింది. ‘సాధ్వి’ మాత్రం యతి కోసం వచ్చిన మాట. సాధుత్వానికీ ఈ నటనకూ సంబంధం లేదు. ‘చతుర సావిత్రి’ అనండి. చ–సం యతి కుదురుతుంది, నగణం సరిపోతుంది, పొగడ్త కూడా తగినచోట పడుతుంది.

తెనాలి సభ్యుడు: ‘చతుర’ వేశాను చెల్లెమ్మా. పద్యం నిలబడింది.

డాలస్ సభ్యుడు: సినిమాలో శశిరేఖ నిజంగా మీసం తిప్పకపోతే పూరణ చెల్లుతుందా?

నిర్వాహకుడు: చెల్లుతుంది. సమస్య సినిమాలో ఉన్నదాన్ని అప్పజెప్పమనదు. అయితే ఘటోత్కచుడు పెళ్ళికూతురి రూపంలోనే విందు తిన్నాడని రాస్తే ఒప్పుకోను. ‘వివాహ భోజనంబు’ పాటలో ఉన్నది అతని నిజరూపమే. ఊహకు అభ్యంతరం లేదు, చూసినదాన్ని తారుమారు చేస్తేనే అభ్యంతరం.

వచ్చే వారానికి ఇదే సినిమా నుంచి ఇంకొకటి. భారతగాథే అయినా పాండవుల్లో ఒక్కరూ తెరమీదికి రాని చిత్రమిది:

*పాండవులును లేని భారతమ్ము*

ఇది ఆటవెలది నాలుగో పాదం, ఐదూ సూర్యగణాలే. పా–భా యతి. ఒకటో మూడో పాదాల్లో మూడు సూర్యగణాల తర్వాత రెండు ఇంద్రగణాలు రావాలి, రెండో పాదం మళ్ళీ ఐదు సూర్యగణాలు. డాలస్ బాబూ, ఈసారి గణాలు విడదీసి పద్యం కిందే రాయండి. ఎక్కడ జారుతోందో మీకే కనబడుతుంది.