అప్‌డేట్: మాట మధ్యలో గొంతు బిగుసుకుపోయే సమస్య – కారణం తెలిసింది

మాట్లాడుతుంటే గొంతు పట్టేసినట్టై మాట తెగిపోతోందని, నవ్వినా గుసగుసలాడినా మామూలుగానే ఉంటోందని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. "ఈఎన్‌టీలో గొంతు సమస్యలు ప్రత్యేకంగా చూసేవాళ్ళ దగ్గరికి వెళ్ళండి" అన్న మాటే పనిచేసింది.

ముక్కులోంచి సన్నని కెమెరా పంపి, నాతో మాట్లాడిస్తూ చూశారు. స్వరతంత్రులు చూడ్డానికి శుభ్రంగా ఉన్నాయి, గడ్డల్లేవు. "ఆయన ఊళ్ళో ఉన్నారా" అనమంటే అచ్చుల దగ్గర గొంతు బిగిసి తెగింది. గొంతు మోగించకుండా పలికే ప, క, త హల్లులున్న "పాప, కాకి, తాత" మాత్రం దాదాపు సాఫీగా వచ్చాయి. అడక్టర్ రకం (స్వరతంత్రులను దగ్గరికి మూసే కండరాలు వాటంతటవే బిగుసుకునే రకం) స్పాస్మోడిక్ డిస్ఫోనియా అన్నారు. మెదడు నుంచి కండరాలకు వెళ్ళే సంకేతాల్లో తేడా, అంటే డిస్టోనియా. టెన్షన్‌తో ఎక్కువవుతుంది గానీ టెన్షన్ వల్ల పుట్టింది కాదు. ఆ మాట విన్నాక నాకెంత ఊరటో! "మనసులో భయం వల్లే" అని ఎన్నిసార్లు విన్నానో.

ఎసిడిటీ మాత్రలు, మౌనం, తేనె, ఆవిరి పట్టడం, వీటికీ దీనికీ సంబంధం లేదు. స్పీచ్ థెరపీ ఒక్కటే సరిపోలేదు, కానీ ఇది కండరాలను అలవాటుగా బిగబట్టడం వల్ల వచ్చింది కాదని తేల్చడానికి పనికొచ్చింది.

మెడ ముందు నుంచి స్వరతంత్రి కండరంలోకి చాలా తక్కువ మోతాదులో బొటాక్స్ (కండరం బిగువు తగ్గించే మందు) ఇచ్చారు, సూది సరిగ్గా కండరంలో ఉందో లేదో ఈఎంజీలో (కండరాల విద్యుత్ సంకేతాలు చూపే పరీక్ష) చూసుకుంటూ. మొదట్లో గొంతు గాలిలా అయిపోయింది, నీళ్ళు తాగితే పొరబోయేది. చిన్న గుక్కలుగా తాగండి. తర్వాత మాట తేలిగ్గా వస్తోంది, ఫోన్ కూడా ఎత్తుతున్నాను. పూర్తిగా నయం కాదు, సాధారణంగా 3–4 నెలలకు మళ్ళీ వేయించుకోవాలి.